తెర మీద ఒక్క మాట చాలు, బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన స్లైడ్లన్నీ చూశాను. ముందు ఫోనులో చూశాను, ఆ తర్వాత కంప్యూటర్లో పెద్దవిగా చేసుకుని చూశాను. పత్తిలో తేమ ఎంతుందో రైతు తన వాకిట్లోనే చూసుకునే పరికరం చేయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. హసన్‌పర్తిలో పుట్టి పెరిగి, సెలవుల్లో మీ అమ్మతో కలిసి చెల్కలో పత్తి ఏరిన పిల్లవు, ఇట్లాంటి పని తలకెత్తుకున్నావంటే నాకు గర్వంగా ఉండదా? నీ పరికరం మీద నాకు నమ్మకముంది. దిగులంతా స్లైడ్ల మీదే.

వచ్చే నెల అనంతసాగర్‌లో పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు నిలబడి చెప్పాలన్నావు. ఎస్సార్ యూనివర్సిటీ ఆవరణలో ఎస్‌ఆర్‌ఐఎక్స్ లాంటి ఇంక్యుబేషన్ కేంద్రం మన గడప దగ్గరే ఉండడం మీ తరం అదృష్టం. మా కాలంలో ఊరి పిల్లగాడికి వ్యాపారం ఆలోచన వస్తే, బ్యాంకు మేనేజరు బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఆ బల్లకు ఇవతల కూర్చుని చాలా ఏళ్లు అప్పు దరఖాస్తులు చూసినవాణ్ని నేను. వినేవాళ్ల మనసు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో నాకు కొంత తెలుసు. నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పాలి?

నీ రెండో స్లైడు తీసుకో. పైన ‘పరిచయం’ అని శీర్షిక. కింద చుక్కలు పెట్టి తొమ్మిది వాక్యాలు. లక్ష్యం, దార్శనికత, కృత్రిమ మేధ, సెన్సర్లు, రైతు సాధికారత, అన్నీ ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు. అయినా చదవడం అయిపోయాక నాకు ఏమీ గుర్తులేదు. ఆ స్లైడు తెర మీద పడగానే హాల్లో ఏం జరుగుతుందో చెప్తా విను. నువ్వు మొదటి చుక్క దగ్గర ఉంటావు, కూర్చున్నవాళ్లు ఐదో చుక్కకు పోతారు. చదవడం అయ్యాక ఫోను తీస్తారు. నువ్వింకా మూడో చుక్క దగ్గరే ఉంటావు. చదివే మాట, వినే మాట రెండూ ఒకేసారి బుర్రలోకి పోవు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. బొమ్మ చూపిస్తూ నోటితో చెప్తే బాగా అర్థమవుతుంది. అదే బొమ్మకు, అదే మాటకు తోడు ఆ మాటలనే తెర మీద కూడా రాసి పెడితే అర్థం కావడం పెరగదు, తగ్గుతుంది. ఆయన తేల్చిన సంగతుల్లో ఇదొకటి.

ఈ సంగతి మన వైపు వాళ్లకు కొత్తేమీ కాదు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ, ఒకప్పుడు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది. అక్కడి నకాషీ చిత్రకారులు గుడ్డ మీద గీసే పటాలు నువ్వు మ్యూజియంలోనో, ఎగ్జిబిషన్‌లోనో చూసి ఉంటావు. అవి గోడకు తగిలించుకోవడానికి పుట్టినవి కావు, కథ చెప్పడానికి పుట్టినవి. కూనపులివాళ్లు పద్మశాలీల ఇళ్ల ముందు మార్కండేయ పురాణం చెప్పాలన్నా, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పాలన్నా, మూరల కొద్దీ పొడవుండే పటం చుట్ట తెచ్చి కొంచెం కొంచెం విప్పేవాళ్లు. ఒక గడి, ఒక ఘట్టం. గడికీ గడికీ మధ్య పూల అంచు. వెనక అంతా ఎరుపు, దాని మీద మనుషులు కొట్టొచ్చినట్టు కనబడతారు. కథకుడు పుల్లతో ఆ బొమ్మను చూపిస్తూ పాడతాడు. కథ అంతా కథకుడి నోట్లో ఉంటుంది. పటం మీద ఉండేది, నోటితో ఎంత చెప్పినా కంటికి కట్టని ముఖం, రంగు, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారన్నది. చెప్పాల్సిన ఘట్టం రాకముందే దాని బొమ్మ విప్పడు. నువ్వు తొమ్మిది చుక్కలు ఒకేసారి తెర మీద పరిచావంటే, పటమంతా మొదటి నిమిషంలోనే నేల మీద పరిచినట్టు.

కాబట్టి ముందు నిర్ణయించుకోవాల్సింది, ఏ సంగతి నోటితో చెప్పాలి, ఏ సంగతి కంటికి చూపాలి అన్నది. అది తేలకుండా కంప్యూటర్ తెరవకు. ఒక నోటుబుక్కు తీసుకుని, ఒక్కో పేజీలో ఒక్కో వాక్యం రాయి. వినేవాళ్లు ఇంటికి పోయాక కూడా గుర్తుపెట్టుకోవాల్సిన వాక్యం అది. పది పేజీలు దాటితే మళ్లీ మొదటి నుంచి చదివి కొట్టెయ్యి. గై కవాసాకీ అని కాలిఫోర్నియాలో పెట్టుబడులు పెట్టే ఆయన పది స్లైడ్లు, ఇరవై నిమిషాలు, ముప్పై సైజుకు తగ్గని అక్షరం అని ఒక కొలత పెట్టాడు. అన్ని చోట్లా అది కుదరకపోవచ్చు. అయినా మొదటిసారి నిలబడే పిల్లలకు అంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

నువ్వే కాదు, అందరూ చుక్కల జాబితాలే ఎందుకు చేస్తారో తెలుసా? స్లైడ్లు చేసే పవర్‌పాయింట్ తెరవగానే పైన ఒక శీర్షిక గడి, కింద చుక్కల గడి సిద్ధంగా ఉంటాయి. మనం పూరిస్తూ పోతాం. పవర్‌పాయింట్‌ను రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో తయారుచేశారు. 1987 ఏప్రిల్‌లో మాకింటోష్ కంప్యూటర్ల కోసం బయటికి వచ్చింది. ఆ ఏడాదే మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది. అప్పట్లో దానితో చేసేది ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పెట్టే పారదర్శక షీట్లే. మా శిక్షణ తరగతుల్లో ఆ షీట్లు ఒక్కొక్కటీ చేత్తో మార్చేవాళ్లు. షీటుకు డబ్బు ఖర్చయ్యేది కాబట్టి ఎవరూ నలభై షీట్లు తెచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు స్లైడుకు పైసా ఖర్చు లేదు. అందుకే ఆ ఖర్చంతా వినేవాళ్ల ఓపిక మీద పడుతోంది.

ఇక శీర్షికల మాట. నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే. నీ స్లైడ్ల మీద ‘సమస్య’, ‘పరిష్కారం’, ‘మార్కెట్’, ‘బృందం’ అని ఉన్నాయి. అవి అల్మారా అరలకు అతికించే చీటీలు. చీటీ చూస్తే లోపల ఏదో ఉందని తెలుస్తుంది గానీ, నువ్వేం అంటున్నావో తెలియదు. శీర్షిక స్థానంలో పూర్తి వాక్యం రాయి. ‘సమస్య’ తీసేసి, ‘పత్తిలో తేమ ఎక్కువుందని రైతుకు తెలిసేది బండి కిరాయి అయ్యాకే’ అని రాయి. చదివినవాడు ఔననాలి, లేదంటే కాదనాలి. కాదంటే ఇంకా మంచిది, చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ వాక్యం కింద దాన్ని నిరూపించే ఒక్క వస్తువు పెట్టు. ఫోటో కావచ్చు, బొమ్మ కావచ్చు, ఒక అంకె కావచ్చు. మైకేల్ ఆలీ అనే ఇంజినీరింగ్ అధ్యాపకుడు తన విద్యార్థులకు ఏళ్లుగా నేర్పుతున్న పద్ధతి ఇదే: పైన నువ్వు అనే మాట, కింద దానికి సాక్ష్యం.

శీర్షికదేముందిలే తాతా అనుకోకు. కల్పనా చావ్లా పేరు మీ బడి పుస్తకాల్లో చదివావు. 2003 జనవరి 16న ఆమె ఎక్కిన కొలంబియా నౌక పైకి ఎగిరిన 82 సెకన్లకు, ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే, ఆ దెబ్బ ఎంత ప్రమాదమో లెక్కగట్టి బోయింగ్ ఇంజినీర్లు నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక చదివితే, పాత పరీక్షల లెక్కలు చూస్తే భయపడాల్సింది లేదన్నట్టే ఉంటుంది. దాని కింద చుక్కలు, చుక్కల కింద గీతలు, వాటి కింద ఇంకా చిన్న అక్షరాలు. అన్నిటికంటే అడుగున ఉంది అసలు సంగతి: నౌకకు తగిలిన ముక్క పరిమాణం అంచనాకు 1,920 ఘనపు అంగుళాలు, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. పరీక్షకూ, జరిగిన దానికీ పోలికే లేదన్నమాట. ఆ మాట అక్కడ రాసే ఉంది, ఎవరూ దాచలేదు. కానీ ఉన్న చోట అది ఎవరి కంటా పడలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ నౌక ముక్కలై ఏడుగురూ చనిపోయారు.

ఆ ప్రమాదానికి స్లైడు ఒక్కటే కారణమని నేననను. నురగ ఊడడం, దాన్ని మామూలే అనుకోవడం, అనుమానం వచ్చి అడిగినవాళ్ల మాట పైకి పోకపోవడం, అన్నీ ఉన్నాయి. అయితే దర్యాప్తు చేసిన బోర్డు ఆ ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ స్లైడును అచ్చువేసి మరీ చూపించింది. దాన్ని విప్పి చెప్పింది ఎడ్వర్డ్ టఫ్టీ. అంకెలను కంటికి ఎట్లా చూపాలన్న దాని మీద జీవితమంతా పనిచేసిన మనిషి. పై అధికారి ఒకరు ఆ స్లైడు చదివి కూడా ప్రాణాపాయం గురించే చెప్తోందని గ్రహించకపోవడం సులువేనని బోర్డు అభిప్రాయపడింది. బిడ్డా, నీ స్లైడ్ల మీద ఎవరి ప్రాణాలూ ఆధారపడి లేవు. అయినా నీ ఆరో స్లైడు చూడు. ‘పరీక్షల ఫలితాలు ఆశాజనకం’ అని పైన ఉంది. తడి ఎక్కువున్న పత్తిలో మీ పరికరం చూపే అంకె తేడా వస్తోందన్న మాట చివరి చుక్కలో, చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని పైకి తే. ‘తేమ పన్నెండు శాతం దాటిన పత్తిలో మా పరికరం ఇంకా సరిగా చూపడం లేదు. పెట్టుబడిలో మొదటి భాగం దీనికే’ అని శీర్షికగానే రాయి. డబ్బు పెట్టేవాడికి లోపం చెబితే పారిపోతాడని నువ్వు భయపడుతున్నావు. బల్లకు ఇవతల కూర్చున్నవాణ్నిగా చెప్తున్నా, లోపం తనంతట తాను చెప్పినవాడి దరఖాస్తును నేను ఎక్కువ శ్రద్ధగా చదివేవాణ్ని.

ఇప్పుడు నీ లెక్కల స్లైడు. దీని దగ్గర కొంచెం సేపు కూర్చుందాం, ఎందుకంటే నీ కథకు గుండెకాయ ఇదే.

2025–26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మద్దతు ధరకు పత్తి కొనే సీసీఐ ఆ పూర్తి ధర ఇచ్చేది తేమ 8 శాతం ఉంటే. ఆ పైన ఒక్కో శాతానికీ ధరలో ఒక శాతం కోత. 12 దాటితే కొనదు. నువ్వు దీన్ని నిలువు కడ్డీలతో చూపించావు: 8,110, 8,029, 7,948, 7,867, 7,786. ఐదు కడ్డీలూ ఒకే ఎత్తున కనబడుతున్నాయి. చూసినవాడు ‘ఓస్, ఇంతేనా తేడా’ అనుకుంటాడు. మీ జట్టులోని అబ్బాయికి కూడా అదే అనుమానం వచ్చినట్టుంది, రెండో చిత్తులో కడ్డీల అడుగు 7,700 దగ్గర నుంచి మొదలుపెట్టాడు. అప్పుడు మొదటి కడ్డీ చివరిదానికంటే నాలుగు రెట్లకు పైగా ఎత్తు కనబడుతోంది. అది కంటిని మోసం చేయడం. తెలిసినవాడు ఒక్కడున్నా పట్టుకుంటాడు, ఆ తర్వాత నువ్వు చెప్పే ఏ అంకెనూ నమ్మడు. కడ్డీ గీస్తే అడుగు సున్నా దగ్గరే ఉండాలి.

మరేం చేయాలి? ధరను చూపించకు, కోతను చూపించు. రైతుకు నొప్పి పుట్టేది అక్కడే కదా. 8 శాతానికి సున్నా, 9కి 81 రూపాయలు, 10కి 162, 11కి 243, 12కి 324. ఇవి సున్నా నుంచే మొదలవుతాయి, మెట్లు మెట్లుగా పైకి పోతాయి, అబద్ధం లేదు. 12 తర్వాత కడ్డీ పెట్టకుండా, ఆ ఖాళీలో ‘కొనరు’ అని ఒక్క మాట రాయి. పైన శీర్షిక: ‘పది క్వింటాళ్ల పత్తికి తేమ కోత 3,244 రూపాయల దాకా’. అంతే. కడ్డీలన్నిటికీ బూడిద రంగు వేసి, 12 శాతం దగ్గరి కడ్డీకి ఒక్కదానికే ముదురు రంగు వెయ్యి. రంగుల సూచిక పక్కన వేరే గడిలో పెట్టకు, అంకె కడ్డీ నెత్తినే ఉండాలి. కళ్లు అటూ ఇటూ పరుగెత్తకూడదు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వేసి తేడా చూపించాలనుకోకు, మగవాళ్లలో కొందరికి ఆ రెండు రంగులూ ఒక్కటిగానే కనబడతాయి. త్రీడీలో తిరిగే గుండ్రటి బొమ్మలున్నాయి చూశావా, వాటిని తీసెయ్యి. ముందుకు వంగిన ముక్క ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది.

అంకెల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఏనుమాముల మార్కెట్లో పొద్దున ఆ రోజు ధర పలికే జెండా పాట అవుతుంది కదా. పేపర్లో పడేది ఆ ధరే. కానీ యార్డుకు వచ్చిన పత్తికంతా ఆ ధర రాదని ఏ రైతును అడిగినా చెప్తాడు. అమ్మాక చేతికిచ్చే తక్‌పట్టీ మీద ఉండే అంకె వేరు. నువ్వు ‘రైతుకు వచ్చే ధర’ అని జెండా పాట అంకె వేశావు. ఆ హాల్లో అడ్తి కుటుంబం నుంచి వచ్చినవాళ్లు, జిన్నింగ్ మిల్లు నడిపేవాళ్లు తప్పకుండా ఉంటారు, వరంగల్ పెట్టుబడి అంటే సగం అక్కడిదే. వాళ్లు చూడగానే పిల్లలు మార్కెట్ మొహం చూడలేదని తేల్చేస్తారు. మీ నాయన తక్‌పట్టీలు ఇంట్లోనే ఉంటాయి. పేరు, వివరాలు కనబడకుండా చేసి, ఒక చీటీ ఫోటో తీసి స్లైడంతా నిండేటట్టు పెట్టు. తేమ అంకె చుట్టూ ఒక గీత గియ్యి. నువ్వు ఇంకేమీ రాయనక్కరలేదు.

ఫోటోల మాట వచ్చింది కాబట్టి, ఆ ఇంటర్నెట్ రైతును కూడా తీసెయ్యి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్యాబ్ పట్టుకుని, గోధుమ చేలో నవ్వుతున్నాడు. మన దగ్గర గోధుమ ఎక్కడిది? మిల్లు ముందు ట్రాలీల వరుస, పత్తి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు దొరికి వచ్చి కూర్చున్న మనుషులు, పత్తి కుప్పలో చెయ్యి పెట్టి చూస్తున్న మీ నాయన, ఇవి నీ ఫోనుతో తియ్యి. కొంచెం మసకగా వచ్చినా అవి నీవి.

నీ మార్కెట్ స్లైడులో దేశంలో 60 లక్షల మంది పత్తి రైతులు, అందులో ఒక్క శాతం కొన్నా 60 వేల పరికరాలు అని ఉంది. ఆ ఒక్క శాతం ఎవరు, ఎక్కడున్నారు, ఎందుకు కొంటారు? ఏ అప్పు దరఖాస్తులోనైనా ఈ ‘ఒక్క శాతం’ కనబడితే నేను అక్కడే పెన్ను కింద పెట్టేవాణ్ని. మీరు తిరిగిన ఊళ్ల పేర్లు రాయి. ఎందరిని అడిగారు, ఎందరు డబ్బిచ్చి కొంటామన్నారు, ఊరికి ఒకటి కొని సొసైటీలో పెట్టుకుంటామన్నవాళ్లు ఎందరు, అది చెప్పు. అంకె చిన్నదైనా పరవాలేదు, అది కాళ్లు అరగదీసుకుని తెచ్చిన అంకె.

వివరాలన్నీ ఎక్కడ పెట్టాలని అడుగుతావు. కాగితం మీద. ఖర్చుల పట్టిక, సర్క్యూటు బొమ్మ, పరీక్షల వివరాలు, మూడేళ్ల అంచనా, ఇవన్నీ రెండు పేజీల్లో శుభ్రంగా అచ్చువేసి చేతికివ్వు. పట్టిక చేతిలో ఉంటే మనిషి తన వేగంతో చదువుకుంటాడు, వెనక్కి తిప్పుతాడు, పక్కన గీతలు గీసుకుంటాడు. తెర మీద పట్టికకు ఆ వీలు లేదు. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో పెద్ద అధికారుల సమావేశాల్లో స్లైడ్లే వద్దన్నాడు. విషయాన్ని పూర్తి వాక్యాల్లో కాగితాల మీద రాసి తేవాలి, సమావేశం మొదట్లో అందరూ మౌనంగా చదవాలి. ఆలోచన పొడి పొడి ముక్కల్లో దాక్కోవచ్చు, వాక్యంలో దాక్కోలేదు. నువ్వు స్లైడ్లు మానేయనక్కరలేదు, ముందు ఆ రెండు పేజీలు రాయి చాలు. రాసేటప్పుడే ఎక్కడ నీకే స్పష్టత లేదో తెలుస్తుంది.

తెలుగులో పెట్టాలా, ఇంగ్లిష్‌లో పెట్టాలా అన్నావు. అనంతసాగర్‌లో ఇంగ్లిష్‌లోనే పెట్టు, హైదరాబాద్ నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లుంటారు. కానీ ఇవే స్లైడ్లు రేపు రైతు ఉత్పత్తిదారుల సంఘం ముందు, ప్రాథమిక సహకార సంఘం ముందు చూపించాలి కదా, అక్కడ తెలుగే. పైన గుడి దీర్ఘాలు, కింద వత్తులు ఉండే మన అక్షరానికి చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ స్లైడులో మాటలు మార్చి వదిలేస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది. వరుసల మధ్య ఎడం పెంచు, అక్షరం సైజు ఇంగ్లిష్ కంటే ఒకటి రెండు మెట్లు పైన ఉంచు. తెలుగును పక్కకు వాల్చకు, వాలిన తెలుగు చదవడం కష్టం. శీర్షికకు రామభద్ర లాంటి లావు అక్షరం, మిగతాదానికి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ సరిపోతాయి, అన్నీ ఉచితమే. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టించుకోకు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే నీ తెలుగంతా పిచ్చి గుర్తులై కూర్చుంటుంది. సభలో అట్లాంటి తెర ముందు నిలబడి నోట మాట రాని ఒక పెద్దాయనను చూశాను, ఆ అవస్థ నీకు రావద్దు. యూనికోడ్‌లోనే కొట్టి, ఫాంటును ఫైల్లోనే పొదిగి, పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేరుగా ఉంచు.

ముందురోజు ఆ హాలుకు పో. కిటికీ తెరలు మూస్తారా, వెలుతురు తెర మీద పడుతుందా చూడు. వెలుతురున్న గదిలో తెల్లటి నేల మీద నల్లటి అక్షరమే నిలబడుతుంది. నీకిష్టమైన ఆ లేత పసుపు అక్షరాలు ప్రొజెక్టరు వెలుగులో మాయమైపోతాయి. చివరి వరుసలో కూర్చుని నీ స్లైడ్లు నువ్వే చదువు. అరవై దాటిన కళ్లున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది, డబ్బు సాధారణంగా ఆ కళ్ల వాళ్ల దగ్గరే ఉంటుంది. ఎగురుకుంటూ, గిరగిరా తిరుగుకుంటూ వచ్చే అక్షరాలు వద్దు. ముఖ్యమైన మాట చెప్పేటప్పుడు అందరూ నీ ముఖమే చూడాలనుకుంటే, కీబోర్డు మీద ‘బీ’ నొక్కు, తెర నల్లబడుతుంది. మళ్లీ నొక్కితే వస్తుంది. ఈ చిన్న సంగతి పెద్ద పెద్ద అధికారులకు కూడా తెలియదు. కరెంటు పోతే? పోయినా నీ కథ ఆగకూడదు. తెర లేకుండా, చేతిలో పరికరం ఒక్కటే పట్టుకుని, ఐదు నిమిషాల్లో మొత్తం చెప్పగలిగే దాకా సాధన చెయ్యి. అట్లా చెప్పగలిగిన రోజున ఏ స్లైడు అవసరమో, ఏది అనవసరమో నీకే తెలిసిపోతుంది.

చివరి స్లైడు మీద ‘ధన్యవాదాలు’ అని పువ్వుల బొమ్మ పెట్టావు. ధన్యవాదాలు నోటితో, చేతులు జోడించి చెప్పు. ప్రశ్నలు అడిగేంతసేపూ ఆ ఆఖరి స్లైడే తెర మీద ఉంటుంది బిడ్డా, అన్నిటికంటే ఎక్కువసేపు కనబడేది అదే. దాని మీద నువ్వు అడిగేది రాయి: ఎంత డబ్బు కావాలి, ఏ మూడు పనులకు, ఎన్ని నెలల్లో ఏం చేసి చూపిస్తావు. అడగడానికి మొహమాటపడకు. మన ఇళ్లలో ఆడపిల్లలకు అడగడం నేర్పలేదు, తప్పు మాది. అందుకే ఆ అంకె పెద్ద అక్షరాల్లో ఉండాలి. నీ గొంతు కొంచెం తడబడినా తెర మీద అంకె తడబడదు. వస్తాయనుకున్న ప్రశ్నలకు విడిగా నాలుగైదు స్లైడ్లు చేసి ఆ చివరి స్లైడు వెనక దాచుకో. తడి పత్తి పరీక్షల గురించి అడిగితే వెంటనే తీసి చూపించొచ్చు. సర్క్యూటు ప్రశ్నకు దాన్ని చేసిన అబ్బాయే లేచి చెప్పాలి, నువ్వు అడ్డం పోవద్దు.

శనివారం పొద్దుగూకేసరికి నీ జట్టును తీసుకుని ఇంటికి రా. కాలేజీలో ప్రొజెక్టరు ఇస్తే తీసుకురా, లేకపోతే నేను ఎక్కడన్నా అడిగి తెస్తాను. ముందుగదిలో తెల్ల దుప్పటి కడదాం. మీ అమ్మమ్మ, పక్కింటి పత్తి రైతులు ఇద్దరు ముగ్గురు, మిల్లులో తూకం చూసిన ఒక పాత స్నేహితుడు కూర్చుంటారు. నువ్వు చెప్పు, వాళ్లు అడుగుతారు. ఎవరు ఎక్కడ అర్థం కాలేదన్నారో ఆ స్లైడు మీద నేను గుర్తు పెట్టుకుంటాను. అన్నం ఇక్కడే తిని పోదురు.

మీ తాత